తాతగారి బండి ఏ బండి?

పాత బ్రిటిష్ మోటారు సైకిళ్ల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. తణుకు పాఠకుడి ఉత్తరానికి ఎక్కువ చోటు కేటాయించాం. మిగిలిన చాలా ఉత్తరాల్లోని సందేహాలు కూడా దాదాపు అవే.

ప్రశ్న: మా తాతగారు 1948లో సికింద్రాబాదులో మిలిటరీ వేలంలో ఒక మోటారు సైకిల్ కొని, పాతికేళ్లకు పైగా నడిపారు. 1974 నుంచి అది మా పాత రైసు మిల్లు షెడ్డులో ఊక బస్తాల వెనక ఉండిపోయింది. ట్యాంకు మీద పేరు లేదు. ముందు ఫోర్కు ఇప్పటి బండ్లలాగా గొట్టాలతో కాక, పైనుంచి కిందికి కమ్ములతో కట్టినట్టుండి, మధ్యలో ఒకే స్ప్రింగు ఉంది. గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉన్నాయి. కిక్కు దిగడం లేదు. మా మెకానిక్కు ఇది నార్టన్ అంటున్నాడు, మా పెదనాన్నగారు బీఎస్‌ఏ అని గట్టిగా చెబుతున్నారు. ఇంజను మీద మసి తుడిస్తే మొదట 'డబ్ల్యూ', ఆ తర్వాత చెరిగిన ఒక అక్షరం, దాని పక్కన '20' కనిపించాయి. అసలు ఇది ఏ బండి? బండిని పూర్తిగా విప్పి, ఇసుక కొట్టించి, కొత్త రంగు వేయించమని అందరూ సలహా ఇస్తున్నారు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీరు పంపిన నాలుగు ఫొటోలనూ భూతద్దం పెట్టి చూశాను. మీ పెదనాన్నగారి మాటే నిజమని నా నమ్మకం. అయితే నమ్మకం దగ్గర ఆగకుండా రుజువు చేసుకునే దారి కూడా చెబుతాను. అంతకంటే ముందు ఒక విన్నపం. బండి ఏదో తేలేవరకు ఒక్క నట్టు కూడా విప్పకండి, ఇసుక కొట్టించే మాట ఎవరినీ ఎత్తనివ్వకండి. పాత బండి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే సాక్ష్యాలన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. కొట్టిన అంకెలు, రంగు పొరలు, పోతపోసిన భాగాల మీది నంబర్లు, ఏ బోల్టు ఎక్కడుంది, ఏ కేబులు ఎటునుంచి ఎటు పోయింది అన్నవన్నీ ఆ సాక్ష్యాలే. అవి పోయాక ఎంత డబ్బు పెట్టినా తిరిగి రావు.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. నేను బాగుచేయడానికి తీసుకున్న మొదటి బండి క్రాంక్‌కేసు, అంటే సిలిండరు కింద ఉండే ఇంజను పెట్టె, తళతళలాడాలని దాన్ని ఒక పాలిషింగు షాపులో ఇచ్చాను. సాయంత్రం వెళ్లేసరికి అద్దంలా మెరుస్తోంది. సిలిండరు కింద అంకెలు ఉండవలసిన చోట వేలితో తడిమితే నున్నగా తగిలింది. షాపతను వాటిని గీతలనుకుని చక్రానికి పెట్టి అరగదీసేశాడు. అతనికి ముందుగా చెప్పకపోవడం నా తప్పే. ఆ ఇంజను ఏ సంవత్సరానిదో ఈనాటికీ కాగితం మీద నిరూపించలేకపోతున్నాను.

ఇక మీ బండి సంగతి. బీఎస్‌ఏ ఇంజను నంబరు ఎడమవైపు క్రాంక్‌కేసు మీద, సిలిండరు కూర్చునే అంచుకు కొంచెం కింద ఉంటుంది. ఫ్రేము నంబరు స్టీరింగు తిరిగే మెడ దగ్గర, ఎడమవైపు లగ్గు మీద ఉంటుంది. ఈ రెండుచోట్లా ఇనుప బ్రష్షు గాని, గరుకు కాగితం గాని వాడవద్దు. పాత టూత్‌బ్రష్షును కిరసనాయిల్లో ముంచి నెమ్మదిగా రుద్దండి. మడ్డి మెత్తబడేందుకు ఒక రాత్రంతా గడువిచ్చి, మర్నాడు మళ్లీ రుద్దండి. ఆరిన తర్వాత గదిలో లైటు ఆర్పి, టార్చిని అంకెలకు ఎదురుగా కాక పక్కనుంచి, దాదాపు లోహానికి ఆనించినట్టుగా పట్టుకోండి. ఎదురు వెలుగులో కనిపించని గీతలు కూడా ఏటవాలు వెలుగులో నీడలై పైకి తేలుతాయి. ఆ పైన పలుచని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దితే అచ్చు దిగుతుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి మనమంతా చేసిన పనే ఇది. ఆ అచ్చు కాగితాన్ని భద్రపరచండి, తర్వాత అధికారులకు చూపడానికి పనికొస్తుంది.

ఆ చెరిగిన అక్షరం 'ఎం' అని తేలితే సందేహం దాదాపు తీరినట్టే. యుద్ధకాలంలో సైన్యం కోసం బీఎస్‌ఏ చేసిన 500 సీసీ సైడ్‌వాల్వు బండికి ఎం20 అని పేరు, దాని నంబరు 'డబ్ల్యూఎం20' అనే గుర్తుతో మొదలవుతుంది. ఆ రోజుల్లో బీఎస్‌ఏ మోడలు పేరుకు ముందు సంవత్సరాన్ని తెలిపే అక్షరం చేర్చేది. 1937 బండికి 'హెచ్', 1938కి 'జె', 1939కి 'కె', ఆ తర్వాత యుద్ధకాలపు బండ్లకు 'డబ్ల్యూ'. అంకె ఒకటితో పొరబడకుండా మధ్యలో 'ఐ'ని వదిలేశారు. యుద్ధం ముగిశాక 'ఎక్స్', 'వై', 'జెడ్' అక్షరాలు వచ్చాయి. మీ ముందు ఫోర్కు కూడా ఇదే చెబుతోంది. మీరు వర్ణించినది గర్డర్ ఫోర్కు. ఎం20కి గొట్టాల ఫోర్కు 1948లో గాని రాలేదు.

అంకెలు పూర్తిగా దొరకకపోతే సిలిండరే సాక్ష్యం చెబుతుంది. మీ మెకానిక్కు నార్టన్ అన్నది ఊరికే అన్నమాట కాదు. నార్టన్ 16హెచ్ కూడా 500 సీసీ తరగతి సైడ్‌వాల్వు బండే, అదీ యుద్ధంలో లక్షకు దగ్గరగా తయారైంది, దూరం నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ ఎం20 బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 82 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 94. నార్టన్ బోరు 79, స్ట్రోకు 100. సైడ్‌వాల్వు ఇంజనుకు పైన హెడ్డు ఒక్కటే మూత, వాల్వులు పక్కన సిలిండరు దిమ్మెలోనే ఉంటాయి. అందుచేత బోల్టులు తీసి మూత ఎత్తగానే బోరు కనిపిస్తుంది. పిస్టను బిగుసుకుపోయి ఉన్నా సరే, వెర్నియరుతో వ్యాసం కొలవవచ్చు. మీ తాతగారు ఎప్పుడో రీబోరింగు చేయించి, అంటే అరిగిన సిలిండరును తొలిపించి, ఉంటారు కదా అని మీకు అనుమానం రావచ్చు. సాధారణంగా 20, 40, 60 థౌల (అంగుళంలో వెయ్యో వంతుల) చొప్పున, అంటే అర, ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మేరకే బోరు పెంచుతారు. కాబట్టి నార్టన్ ఎంత పెరిగినా 80.5 దాటదు, ఎం20 ఎంత కొత్తదైనా 82కు తగ్గదు. ఈ కొలతలో పొరపాటుకు తావు లేదు.

మరో ఆనవాలు ట్యాంకు మీద ఉండవచ్చు. సైన్యంలో ఉన్నప్పుడు ట్యాంకు పక్కల మీద 'సి' అక్షరంతో మొదలయ్యే అంకెలు తెల్లరంగుతో రాసేవారు. మీ తాతగారు వేయించిన నల్లరంగు కింద అవి ఇంకా ఉండే అవకాశం ఉంది. సన్నని వాటర్ పేపరును సబ్బునీళ్లలో తడిపి, రూపాయి బిళ్లంత మేర మాత్రమే, గుండ్రంగా, ఓపికగా రుద్దండి. ఉల్లిపాయ కోసినట్టు ఒక్కొక్క రంగూ ఒక్కొక్క వలయమై బయటపడుతుంది. పైన నలుపు, దాని కింద ఎర్రని ప్రైమరు, ఇంకా కింద ఆకుపచ్చో గోధుమో కలిసిన ఖాకీ కనిపిస్తే అది సైన్యం రంగు. యుద్ధం మొదట్లో ఖాకీ ఆకుపచ్చ, 1941 తర్వాత గోధుమ ఛాయ, 1944 నుంచి ఆలివ్ ఆకుపచ్చ వాడారు. తెల్ల గీత ఏదైనా తగిలితే అక్కడితో ఆపి, ఫొటో తీసి, ఆ దారిలోనే కొద్దికొద్దిగా ముందుకు సాగండి. ఈ పని ఒక ఆదివారంలో అయ్యేది కాదు. బండి బాగుచేతలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

ఇంజను నంబరు, ఫ్రేము నంబరు ఒకటి కాకపోతే బెంగపడకండి. మధ్యవర్తులు 'నంబర్లు కలవని బండి' అని ధర తగ్గించడానికి చూస్తారు. ఆ కాలపు బీఎస్‌ఏ బండ్లకు ఆ రెండు నంబర్లూ ఫ్యాక్టరీలోనే వేరువేరుగా పడేవి. కలవడం కాదు, ఏ ఫ్రేముకు ఏ ఇంజను బిగించి పంపారన్నదే ముఖ్యం. ఆ రికార్డు పుస్తకాలు ఇప్పుడు ఇంగ్లండులోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ గ్రంథాలయంలో ఉన్నాయి. రుసుము చెల్లిస్తే నకలు ఇస్తారు.

ఆ బండి విలువ మీకు తెలియడం కోసం కొద్దిగా చరిత్ర చెబుతాను. బీఎస్‌ఏ 1861లో తుపాకులు చేసేవారు కలిసి పెట్టుకున్న సంస్థ, బర్మింగ్‌హాం స్మాల్ ఆర్మ్స్ అన్నది దాని పూర్తి పేరు. ఆ ఊళ్లోని స్మాల్ హీత్ ఫ్యాక్టరీ మీద 1940 నవంబరులో బాంబులు పడి 53 మంది కార్మికులు చనిపోయారు. అయినా యుద్ధం ముగిసేలోగా దాదాపు 1,26,000 ఎం20లు సైన్యానికి వెళ్లాయి. వేగానికి చేసిన బండి కాదు ఇది. సుమారు 13 గుర్రాల శక్తి, 4.9 మాత్రమే కంప్రెషను. నాసిరకం పెట్రోలుతో, మట్టిలో, బురదలో, ఉత్తరాలు మోసే సైనికుడిని దారిలో వదిలేయకుండా తీసుకెళ్లడమే దాని పని. మీ తాతగారు పాతికేళ్లు నడపగలిగారంటే కారణం అదే.

ఇప్పుడు బాగుచేత. కిక్కు దిగకపోతే దాని మీద ఎక్కి తొక్కకండి. యాభై ఏళ్లు నిలబడ్డ ఇంజనులో సాధారణంగా రింగులే తుప్పుతో సిలిండరుకు అంటుకుంటాయి. ప్లగ్గు తీసి, డీజిలు, కిరసనాయిలు సమపాళ్లలో కలిపి లోపల పోసి, రోజూ కాస్త చేరుస్తూ రెండు మూడు వారాలు వదిలేయండి. తర్వాత టాపు గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఊపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, పని అయినట్టే. సుత్తి పెట్టి పిస్టను మీద కొట్టిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. వాటిలో పిస్టను పగిలినవి కొన్ని, కనెక్టింగు రాడ్డు వంగినవి కొన్ని.

ఇంజను తిరిగాక స్టార్టు చేసి చూడాలని చెయ్యి ఆగదు. కొన్నాళ్లు ఆపుకోండి. ఈ బండికి నూనె క్రాంక్‌కేసులో కాక వేరే ట్యాంకులో ఉంటుంది. ఏళ్ల తరబడి నిలబడితే ఆ నూనె పంపు సందుల్లోంచి మెల్లగా జారి కిందికి దిగి గడ్డకడుతుంది. ఇంజను కింద ఒక పలక, దానిలోపల వైరు జాలీ ఉంటాయి. ఆ పలక విప్పితే నల్లటి జిగురు, కొన్నిసార్లు లోహపు తరక కూడా కనిపిస్తుంది. ట్యాంకు, గొట్టాలు, పంపు, జాలీ నాలుగూ శుభ్రం చేయకుండా కిక్కు కొడితే, మీ తాతగారు పాతికేళ్లు కాపాడిన బిగ్ ఎండు (కనెక్టింగు రాడ్డు కింది కొస) బేరింగు పది నిమిషాల్లో పోతుంది. అన్నీ శుభ్రమై మొదటిసారి ఇంజను అందుకున్నాక, వెంటనే నూనె ట్యాంకు మూత తీసి లోపలికి చూడండి. తిరుగు గొట్టం నుంచి నూనె ఆగి ఆగి, గాలి బుడగలతో చిమ్ముతూ ఉండాలి. తెచ్చే పంపు కంటే తిరిగి పంపే పంపు పెద్దది కాబట్టి అలా ఆగి ఆగి రావడమే ఆరోగ్యానికి గుర్తు. అర నిమిషంలో ధార కనబడకపోతే ఇంజను ఆపేయండి.

మాగ్నెటో విషయంలో తొందరపడి కాయిలు, బ్యాటరీ పద్ధతికి మార్చేయవద్దు. ఈ బండికి లూకాస్ మాగ్‌డైనమో ఉంటుంది, అంటే నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో, దాని నెత్తిన దీపాల కోసం ఆరు వోల్టుల డైనమో. పాయింట్ల సందు 12 థౌలు, అంటే మిల్లీమీటరులో పదింట మూడు వంతులు. చల్లగా ఉన్నప్పుడు నీలం రవ్వ ఇచ్చి, పది కిలోమీటర్ల తర్వాత వేడెక్కి ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంటే తప్పు లోపలి కండెన్సరుదో వైండింగుదో. అక్కడ కార్బురేటరును నిందించి జెట్లు మార్చడం వృథా. ఆర్మేచరును తిరిగి చుట్టించి కొత్త కండెన్సరు వేయిస్తే మరో తరం నడుస్తుంది.

బ్రేకు డ్రమ్ములు విప్పేటప్పుడు లోపలి దుమ్మును గాలి పైపుతో ఊదకండి. ఆనాటి లైనింగులలో ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి.

రంగు గురించి చివరగా చెబుతున్నాను, ఎందుకంటే చేయవలసింది కూడా చివరే. అందరూ చెప్పినట్టు ఇసుక కొట్టించి, క్రోమియం పూయించి, పెళ్లికొడుకులా నిలబెట్టవచ్చు. నేనైతే మీ తాతగారు వేయించిన ఆ నల్లరంగును ఉంచుతాను. మీ ఫొటోలో కుడివైపు ట్యాంకు మీద మోకాలు ఆనే చోట నలుపు అరిగి ఖాకీ కనిపిస్తోంది. అది ఆయన మోకాలు పాతికేళ్లు ఆనిన జాగా. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, ఆ అరుగుదలను మాత్రం ఏ పెయింటరూ వేయలేడు. తుప్పు తినేస్తున్న చోట శుభ్రంచేసి పలుచగా నూనె పట్టించి ఆపండి.

ప్రశ్న: 1950ల నాటి బీఎస్‌ఏ బండిని విప్పుతున్నాను. 13 నంబరు పానా పట్టడం లేదు, 14 వదులై నట్టు మూలలు అరిగిపోతున్నాయి. అమెరికన్ అంగుళాల సెట్టు తెచ్చినా అదే తంతు. మరలు చెడిపోయిన బోల్టుల బదులు మామూలు మిల్లీమీటరు బోల్టులు వేయవచ్చా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వేయవద్దు. పని వెంటనే ఆపి ముందు సరైన పానాలు సంపాదించండి. ఆ బండి నట్లు మిల్లీమీటర్లవీ కావు, అమెరికన్ అంగుళాలవీ కావు, విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ పద్ధతివి. బ్రిటిష్ పానా మీద రాసిన అంకె నట్టు వెడల్పు కాదు, ఆ బోల్టు మర వ్యాసం. '1/4 డబ్ల్యూ' అని ఉన్న పానా నోరు అసలు 13.3 మిల్లీమీటర్లు. అందుకే 13 ఎక్కదు, 14 జారుతుంది. '3/16' అంటే 11.3, '5/16' అంటే 15.2, '3/8' అంటే 18 మిల్లీమీటర్లు. ఈ నాలుగు పానాలూ, అదే కొలతల బాక్సు పానాలూ ఉంటే బండిలో ముప్పాతిక వంతు పని జరుగుతుంది. మీ ఊళ్లో దొరకకపోతే సికింద్రాబాదు రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాత పనిముట్ల దుకాణాల్లో వెతకండి. పాత లారీలకు పనిచేసిన మేస్త్రీల పెట్టెల అడుగున కూడా ఇవి ఉంటాయి.

మరల్లోనూ రెండు మూడు జాతులు కలిసి ఉంటాయి. అల్యూమినియంలో దిగే స్టడ్డులకు ముతక విట్‌వర్త్ మర ఉంటుంది, దాని కోణం 55 డిగ్రీలు. సైకిలు మర అనబడే సన్నని మరకు అంగుళానికి 26 చుట్లు, కోణం 60 డిగ్రీలు. ఇరుసులు, ఫ్రేము బోల్టులు ఎక్కువగా ఈ జాతివి. మిల్లీమీటరు బోల్టు మొదటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి, మూడో చుట్టులో అల్యూమినియం మరను కొరికేస్తుంది. అక్కడితో పది రూపాయల బోల్టు వేల రూపాయల క్రాంక్‌కేసును పాడుచేసినట్టవుతుంది. ఒక మర కొలిచే గేజీ కొనుక్కుని, ప్రతి బోల్టునూ విప్పగానే కొలిచి, అట్టముక్క మీద బండి బొమ్మ గీసి దాని స్థానంలోనే గుచ్చి పెట్టుకోండి. మరలు పోయిన బోల్టులకు మంచి ఉక్కుతో లేతు మీద కొత్తవి చేయించవచ్చు. ఆటోనగర్‌లో ఆ పని నేర్పుగా చేసేవారు ఉన్నారు, కానీ నమూనా బోల్టు, మర లెక్క రెండూ మీరే చేతికివ్వాలి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా బర్మింగ్‌హాంలో ఉంటున్నాను. ఇక్కడ ఒకరు బీఎస్‌ఏ ఎం21ను ఎం20 అని చెప్పి అమ్మజూపుతున్నారు. రెండింటికీ తేడా ఏమిటి? బాగుచేసి ఇక్కడే నడుపుకోవాలని ఉంది.
— ఒక పాఠకురాలు, బర్మింగ్‌హాం

జవాబు: రెండింటికీ బోరు ఒకటే, 82 మిల్లీమీటర్లు. స్ట్రోకు మాత్రం ఎం20కి 94, ఎం21కి 112. అందుకే ఎం21 ఇంజను 591 సీసీ అవుతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి కడ్డీ దించి చూస్తే కచ్చితంగా తేలదు. నంబరు మొదటి అక్షరాలు చూసి, వీలైతే హెడ్డు తీయించి పిస్టను పైకీ కిందికీ ఎంత దూరం కదులుతోందో కొలవండి. ఎం21 తక్కువరకం బండి ఏమీ కాదు. ఏఏ (ఆటోమొబైల్ అసోసియేషన్) అనే బ్రిటిష్ వాహనదారుల సంస్థ రోడ్డు గస్తీకి సైడ్‌కారు తగిలించి ఏళ్ల తరబడి నమ్ముకున్నది దాన్నే. బరువు లాగడంలో దానికి సాటి లేదు. ఎం20 పేరుతో ఎందుకు అమ్ముతున్నారో అడగండి. కాగితాల్లోని నంబర్లూ ఇనుము మీది నంబర్లూ కలవకపోతే కొనవద్దు.

నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికి అక్కడ రోడ్డు పన్నూ, బండి రోడ్డుకు తగినదో లేదో తేల్చేందుకు ఏటా చేయించే ఎంఓటీ పరీక్షా మినహాయించారు. పరీక్ష అక్కర్లేదని బ్రేకులు చూసుకోకుండా బయలుదేరకండి. ఊరి పక్కనే నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం ఉంది. ఒక పూట అక్కడ నిలబడి సరైన ఎం21 ఎలా ఉంటుందో, ఏ భాగం ఎక్కడ ఉంటుందో నోటు పుస్తకంలో గీసుకుంటే, అమ్మకందారు ముందు మీరు తడబడరు.

ప్రశ్న: మా నాన్నగారి 1957 నాటి బుల్లెట్టు బ్రిటిష్ బండి కిందికి వస్తుందా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వంశం బ్రిటిష్, పుట్టుక మద్రాసు. మన సైన్యం కోసం 350 సీసీ బుల్లెట్లు తెప్పించాక, 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. తొలి ఏళ్లలో ఇంగ్లండు నుంచి భాగాలు వస్తే తిరువొత్తియూరులో కూర్చేవారు. కాబట్టి మీ బండిలో ఇంగ్లండు భాగాలు ఉండే అవకాశం బలంగా ఉంది. బోరు 70, స్ట్రోకు 90. పైన నెల్లూరు పాఠకుడికి చెప్పిన పానాల సంగతి మీ బండికీ అంతే వర్తిస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో పాత మాచ్‌లెస్ ఉంది. ఆర్‌సీ పుస్తకం పోయింది, అది తాతగారి పేరున ఉండేది. బండి పూర్తిచేశాక రోడ్డు మీదికి తేవడానికి దారి ఉందా? ఒక ఏజెంటు కొత్త నంబరు కొట్టించి కాగితాలు చేయిస్తానంటున్నాడు.
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ ఏజెంటును ఇంటికి రానివ్వకండి. ఇంజను మీదనో ఫ్రేము మీదనో నంబరు మార్చి కొట్టడం నేరం. పైగా బండికి ఉన్న ఒకే ఒక పుట్టుక గుర్తును చెరిపేయడం. నేరుగా వెళ్లే దారి ఉంది, కాకపోతే ఓపిక కావాలి.

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మోటారు వాహనాల నియమాలను సవరించి వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషను ఏర్పరచింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌లో గాని ఇంజనులో గాని పెద్ద మార్పులు లేని బండ్లు దీని కిందికి వస్తాయి. దరఖాస్తు ఫారం 20లో చేయాలి. బీమా, పాత ఆర్‌సీ జతపరచాలి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. ఇదివరకే రిజిస్టరైన బండి అయితే పాత నంబరునే ఉంచుకోవచ్చు. నా సలహా కూడా అదే. ఈ రిజిస్ట్రేషనుతో రోజువారీ ప్రయాణాలు చేయకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు మాత్రం తీసుకెళ్లవచ్చు.

మీకు పాత ఆర్‌సీ లేదు కాబట్టి మొదటి మెట్టు అక్కడే. నంబరు ప్లేటు మీది అంకెలు, తాతగారి పాత బీమా కాగితాలు, పన్ను రసీదులు, ఆ బండి మీద ఆయన కూర్చున్న ఫొటోలు అన్నీ ఒకచోట చేర్చండి. పుస్తకం పోయినట్టు పోలీసు స్టేషనులో రాసివ్వండి. ఆ నంబరు మొదట ఏ కార్యాలయంలో నమోదైందో అక్కడికి వెళ్లి పాత రిజిస్టరు వెతికించండి. జిల్లాలు మారాయి, రాష్ట్రం రెండుసార్లు మారింది, కాబట్టి ఆ రిజిస్టరు ఇప్పుడు మరో ఊళ్లో ఉండవచ్చు. ఎంట్రీ దొరికితే నకలు ఆర్‌సీకి ఫారం 26, తాతగారి తర్వాత వారసుడిగా మీ పేరు మార్చడానికి ఫారం 31 పెట్టుకోవాలి. తక్కిన వారసులందరి సమ్మతి పత్రాలు ముందే తీసుకోండి. బండి మెరిశాక సమ్మతి అడగడం కష్టం.

ఇంజను నంబరు పెన్సిలు అచ్చు, ఫ్రేము నంబరు పెన్సిలు అచ్చు, రెండూ ఒకే కాగితం మీద, తేదీ వేసి, ఆ దరఖాస్తుకు జతచేయండి. బండికి రంగు పడకముందే ఆ అచ్చులు తీయాలి.